ముందు పాదం... తర్వాతే బరువు!

బాత్‌రూమ్‌లో జారిపడితే విరిగిన మణికట్టు రెండు నెలల్లో అతుక్కుంది. భయం మాత్రం వదల్లేదు. 62 ఏళ్ళ తెనాలి లెక్కల టీచరమ్మ ఆ భయాన్ని చివరికి అమెరికాలో ఓ చెరువు గట్టున వదిలించుకున్నారు. దారి చూపించింది భాష కూడా తెలియని ఓ చైనా మామ్మ. నేర్పిన విద్య... తాయ్‌చీ!

పధ్నాలుగు మెట్లు.

లెక్కల టీచరు కదా, కూతురింట్లో అడుగుపెట్టిన రోజే లెక్కపెట్టేశారు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో చాలా ఇళ్ళలాగే అదీ టౌన్‌హౌస్. పైన పడగ్గదులు, కింద వంటిల్లూ హాలూ. ఆవిడ వచ్చింది కూతురి రెండో కాన్పుకి. పురుడు పోయాలి, బాలింతకి పథ్యం వండిపెట్టాలి, పసివాడికి నూనె రాసి నీళ్ళు పోయాలి. వాము, శొంఠి, కారప్పొడి, సున్నిపిండి... సూట్‌కేసు నిండా అవే.

మనవడు పుట్టిన పదోరోజు. పైగదిలో పిల్లాడు ఏడుస్తున్నాడు. కూతురు స్నానానికి వెళ్ళింది. ఆవిడ వాణ్ని ఎత్తుకుని మెట్ల దాకా వచ్చారు. అక్కడే ఆగిపోయారు. కింది మెట్టు దూరంగా వెళ్ళిపోతున్నట్టుంది. కాళ్ళు వణుకుతున్నాయి. వెనక్కి వెళ్ళి మంచమ్మీద కూర్చుండిపోయారు.

స్నానం చేసి వచ్చిన కూతురు అంతా గమనించింది. ‘అమ్మా, బాబుని ఎత్తుకుని మెట్లు దిగొద్దులే. నేనో, ఆయనో తెస్తాం’ అంది.

ఆ మాటలో తప్పేం లేదు. ఉన్నదల్లా ప్రేమే. కానీ ఆ రాత్రి టీచరుగారికి నిద్ర పట్టలేదు. ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఇంటినుంచి బడికి రెండు కిలోమీటర్లు, బడినుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు ఏళ్ళ తరబడి నడిచిన మనిషి. సాయం చెయ్యడానికని ఇంత దూరం వచ్చి, ఇంట్లో తనే ఓ జాగ్రత్తగా చూసుకోవాల్సిన వస్తువైపోయింది!

సబ్బు నురగ చేసిన పని

అసలు కథ అంతకు ఎనిమిది నెలల ముందు తెనాలిలో మొదలైంది. బాత్‌రూమ్‌లో బట్టలు జాడించి లేవబోతే సబ్బు నురగ మీద కాలు జారింది. పడబోతూ చెయ్యి ఆన్చారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఎముకల సాంద్రత పరీక్ష చేసిన డాక్టరు ‘ఎముకలు కాస్త పలచబడ్డాయమ్మా’ అని కాల్షియం, విటమిన్ డి రాశారు. ‘నడక మానొద్దు’ అని కూడా చెప్పారు. మాత్రలు వేసుకున్నారు. నడక మానేశారు.

ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా. ముందు డాబా ఎక్కడం ఆగిపోయింది. తర్వాత కూరల బజారు. ఆ తర్వాత గుడి. వాకిట్లో ముగ్గు పనమ్మాయి పని అయిపోయింది. ఇంట్లో కూడా గోడ పట్టుకుని, నేలకేసి చూసుకుంటూ, చిన్నచిన్న అడుగులు వేసేవారు. చూసేవాళ్ళు ‘పాపం, జాగ్రత్తపరురాలు’ అనుకున్నారు.

నిజానికి ప్రమాదం ఉన్నది ఆ జాగ్రత్తలోనే. భయంతో నడక తగ్గుతుంది. నడక తగ్గితే తొడల్లో, పిక్కల్లో, చీలమండల్లో బలం తగ్గుతుంది. బలం తగ్గాక అడుగేస్తే తూలు వస్తుంది. తూలు వస్తే భయం ఇంకాస్త పెరుగుతుంది. గానుగెద్దు తిరిగినట్టు అక్కడక్కడే తిరిగే ఈ లెక్క వృద్ధుల వైద్యులకు బాగా తెలుసు. ఒకసారి పడ్డవాళ్ళు మళ్ళీ పడే అవకాశం ఎక్కువ కావడానికి ఇదీ ఓ కారణం. ఇదేదో చిన్న సంగతి అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కిందపడటం వల్ల ఏటా 6,84,000 మంది ప్రాణాలు కోల్పోతున్నారు. ప్రమాదవశాత్తూ గాయాలపాలై చనిపోయేవారి విషయంలో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే.

అమెరికా వచ్చాక ఆ భయానికి ఇంకోటి తోడైంది. ఇక్కడ పడితే ఆసుపత్రి బిల్లు ఎంతవుతుందో! విజిటర్ ఇన్సూరెన్సు కాగితాల్లో ఏది వర్తిస్తుందో ఏది వర్తించదో అల్లుడు చదివి చెప్పిన రోజునుంచీ ఆవిడ ఇంట్లో కూడా సాక్సు వేసుకోవడం మానేశారు... జారతాయని.

గట్టున ఒంటికాలి మామ్మ

వాళ్ళింటికి దగ్గర్లోనే ఊరి పెద్ద పార్కు, సెంట్రల్ పార్క్. మధ్యలో లేక్ ఎలిజబెత్ అనే చెరువు. చుట్టూ రెండు మైళ్ళ నడకదారి. తూర్పున మిషన్ పీక్ కొండ. మార్చిలో ఆ కొండలన్నీ పచ్చగా మన కోనసీమని గుర్తుచేస్తాయి. పార్కులో చూస్తే సగం మంది మనవాళ్ళే. పిల్లల దగ్గరికి ఆరు నెలలు ఉండటానికొచ్చిన తెలుగు తండ్రులు బెంచీల మీద చేరి, ఊళ్ళో రాజకీయాలు మాట్లాడుకోవడం, ఉల్లిపాయల ధరని డాలర్లలోంచి రూపాయల్లోకి మార్చుకుని నిట్టూర్చడం అక్కడ రోజూ కనిపించేదే. టీచరుగారి భర్త రెండోరోజే ఆ సభలో సభ్యుడైపోయారు.

ఓరోజు బలవంతంగా భార్యనీ వెంటబెట్టుకెళ్ళారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని నడిచి, ఓ బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా గడ్డిమీద ఇరవైమంది దాకా చైనా పెద్దవాళ్ళు. చిన్న స్పీకర్లోంచి సన్నగా సంగీతం. అందరూ ఒకేలా చేతులు లేపుతున్నారు, దింపుతున్నారు, అడుగు వేస్తున్నారు. నీళ్ళలో నడుస్తున్నట్టుగా ఉంది. చూస్తూచూస్తూ ఉండగానే ముందు వరసలో ఉన్న బక్కపల్చని మామ్మ ఓ కాలు మోకాలి దాకా పైకెత్తి, అదే వైపు చెయ్యి ముఖం ఎదుటికి తెచ్చి, ఒంటికాలి మీద నిలబడింది. తూల్లేదు. తడబడలేదు. తీరిగ్గా కాలు దింపి రెండోది ఎత్తింది.

టీచరుగారు కళ్ళార్పకుండా చూశారు. మర్నాడూ వెళ్ళారు. ఆ మర్నాడూ వెళ్ళారు. నాలుగోరోజు ఆ మామ్మే దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని లేపింది. ఆమెకి ఇంగ్లిషులో వచ్చినవి ఓ పది మాటలు. మన టీచరుగారికి చైనా భాషలో ఒక్కటీ రాదు. మామ్మని వయసెంతని ఎలా అడగాలో తెలియక, టీచరుగారు తన అరచేతిలో వేలితో 62 అని రాసి చూపించారు. మామ్మ నవ్వి, అదే అరచేతిలో 78 అని రాసింది.

అంకెలకి అనువాదం అక్కర్లేదు కదా!

నిదానమే అసలు కష్టం

‘మన యోగా ఉండగా చైనావాళ్ళది ఎందుకే?’ అన్నారు భర్త. ‘యోగాకి కింద కూర్చోవాలి, లేవాలి. మణికట్టు ఆన్చాలి. ఇదైతే నిలబడే చెయ్యొచ్చండీ’ అన్నారావిడ. అప్పటికి ఆవిడకి తెలిసిన సుగుణం అదొక్కటే. చాపలు, బట్టలు, పరికరాలు అంటూ ఏవీ అక్కర్లేకపోవడం రెండోది.

మొదటిరోజు మామ్మ చేతుల ఊసే ఎత్తలేదు. భుజాలంత ఎడంగా పాదాలు పెట్టించింది. మోకాళ్ళు ఇసుమంత వంచమంది. నడుము నిటారుగా, భుజాలు వదులుగా, చూపు ఎదురుగా. నేలకేసి చూస్తే గడ్డం పట్టుకుని పైకెత్తేది. బరువంతా మెల్లగా ఎడమకాలి మీదికి. ఇప్పుడు కుడికాలు ఖాళీ. ఆ ఖాళీ కాలిని ఎత్తి ముందుకు పెట్టాలి. మడమ మాత్రమే ఆనాలి. బరువు వెయ్యకూడదు. నేల గట్టిగా ఉందని పాదానికి తెలిశాక, అరికాలు ఆన్చి, అప్పుడు నింపాదిగా బరువు అటు మార్చాలి. అదీ అడుగంటే.

‘మన్ మన్’ అనేది మామ్మ ప్రతి రెండు నిమిషాలకీ. చైనా భాషలో ‘మెల్లమెల్లగా’ అని దానర్థం. ‘ఫాంగ్ సుంగ్’ అంటే ఒళ్ళు వదులు చెయ్యమని. ఈ రెండు మాటలూ టీచరుగారు తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

పది నిమిషాలయ్యేసరికి తొడలు మండిపోయాయి. ఇంత నెమ్మదిగా చేస్తే ఒళ్ళు నొప్పులేమిటని ఆవిడకి ఆశ్చర్యం! నిజానికి నొప్పంతా ఆ నెమ్మదిలోనే ఉంది. గబగబా నడిచేటప్పుడు ఊపు మనల్ని ముందుకు తోసేస్తుంది. ఒంటికాలి మీద మనం ఉండేది లిప్తపాటే. తాయ్‌చీలో ఆ ఊపు సాయం ఉండదు. మోకాలు కాస్త వంచి ఉన్న ఒక్క కాలు, శరీరం బరువంతటినీ కొన్ని సెకన్లపాటు మొయ్యాలి. అడుగడుగునా మొయ్యాలి. తొడలు, పిరుదులు, చీలమండల చుట్టూ ఉండే చిన్నచిన్న కండరాలు అన్నీ పనిలోకి దిగుతాయి.

అంతేకాదు. మనం తూలకుండా నిలబడటానికి కళ్ళు, లోపలి చెవి, పాదాల స్పర్శ... మూడూ కలిసి మెదడుకి కబురు పంపుతుంటాయి. వయసుతోపాటు ఈ మూడూ మందగిస్తాయి. బరువు ఏ కాలిమీద ఉంది, మడమ మీదా మునివేళ్ళ మీదా అని క్షణక్షణం గమనించుకోవడం అంటే, పాదం పంపే కబురుని మెదడు మళ్ళీ శ్రద్ధగా వినడం అన్నమాట.

లెక్కల టీచరుకి ఇది తన పద్ధతిలో అర్థమైంది. నోట్‌బుక్‌లో రెండు గడులు గీసి, ఒకదాంట్లో ఎడమ, ఇంకోదాంట్లో కుడి అని రాశారు. నిలబడితే 50-50. అడుగు ఎత్తేటప్పుడు 100-0. ముందుకాలు వంచి ఆగినప్పుడు 30-70. ‘రెండూ కలిపితే వంద రావాలి, అంతే! నేను ఇన్నాళ్ళూ యాభై యాభై దగ్గరే బిగుసుకుపోయి నడుస్తున్నాను. అందుకే కాలు ఎత్తలేక ఈడుస్తున్నాను’ అని భర్తకి వివరించారు.

వంటింట్లో ఆవిడ పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. గట్టు పక్కన నిలబడి, అవసరమైతే పట్టుకునేలా చెయ్యి దగ్గరగా ఉంచుకుని, ఒంటికాలి మీద ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో చూసుకోవడం. మొదటిరోజు మూడు. నెలకి ఆరు. ఆదివారం ఆదివారం తేదీ వేసి రాసుకునేవారు.

ఏడేళ్ళ మనవరాలికి ఇదంతా పెద్ద తమాషా. ‘అమ్మమ్మా, నువ్వు స్లో మోషన్‌లో ఫైటింగ్ చేస్తున్నావా?’ అంది.

గుర్రం జూలు... కొంగ రెక్కలు

మనవరాలు అన్నది అక్షరాలా నిజం. తాయ్‌చీ పూర్తిపేరు తాయ్‌చీచువాన్. చివరి ‘చువాన్’కి అర్థం పిడికిలి. ఇది పుట్టింది పోరాట విద్యగానే. చైనాలోని హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశీకుల పల్లె ఒకటుంది. ఇప్పుడున్న శైలుల్లో పాతది, పదిహేడో శతాబ్దం నుంచీ వస్తున్న చెన్ శైలి అక్కడిదే. పంతొమ్మిదో శతాబ్దంలో యాంగ్ లూచాన్ అనే ఆయన అక్కడ నేర్చుకుని బీజింగ్‌కి తీసుకెళ్ళారు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ దాన్ని నిదానంగా, అందరూ చెయ్యగలిగేలా మలిచారు. ఆ శైలిలోంచే 1956లో చైనా క్రీడాశాఖ 24 కదలికలతో ఓ పొట్టి వరుస తయారుచేయించింది. ఆరు నిమిషాల్లో పూర్తయ్యే ఈ వరుసే నేడు పార్కుల్లో ఎక్కువగా కనిపించేది. 2020లో యునెస్కో తాయ్‌చీని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ కదలికల పేర్లు వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అడవిగుర్రం జూలు పాయ తీయడం, తెల్లకొంగ రెక్కలు విప్పడం, మేఘాల్లా చేతులు కదపడం, సముద్రం అడుగున సూది, బంగారు కోడిపుంజు ఒంటికాలి మీద నిలబడటం... మామ్మని మొదటిరోజు బెంచీ మీంచి కళ్ళార్పకుండా చూసింది ఈ కోడిపుంజునే! స్పీకర్లో వచ్చే పేర్లని టీచరుగారు ‘యే మా ఫెన్ జుంగ్’, ‘యున్ షౌ’ అంటూ తెలుగులో రాసుకుని, పక్కన అర్థాలు మనవరాలి చేత వెతికించుకుని, ఎక్కాల్లా వల్లె వేశారు.

కొత్తవాళ్ళకి ఉండే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ళని చూస్తూ చేస్తుంటారు కదా, పధ్నాలుగో కదలిక దాకా బాగానే గడిచిపోతుంది. పదిహేనోదాంట్లో అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరుగుతారు. ఎవరికీ అడ్డం ఉండదని వెనకవరసలో నిలబడిన టీచరుగారు ఉన్నట్టుండి ముందువరసలో తేలారు! చూసి చెయ్యడానికి ఎదురుగా ఒక్కరూ లేరు, చెరువులో బాతులు తప్ప. ఆవిడ అలాగే నిలబడిపోయారు. వెనక అందరూ నవ్వారు. ఆవిడా నవ్వేశారు. మర్నాటినుంచీ మామ్మ ఆవిడని నడిమి వరసలో, సరిగ్గా మధ్యలో నిలబెట్టింది. ఎటు తిరిగినా ఎదురుగా ఎవరో ఒకరుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చోటు అదేనట.

మోకాలు నేర్పిన పాఠం

మూడోవారంలో ఉత్సాహం ఎక్కువైంది. పక్కావిడ ఎంత కిందికి వంగితే తానూ అంత వంగారు. దాంతో కుడి మోకాలు పట్టేసింది. మెట్లు ఎక్కుతుంటే కలుక్కుమంటోంది. ‘నేను ముందే చెప్పలేదూ’ అన్నారు భర్త. అయిదురోజులు మంచుగడ్డలు పెట్టుకుని ఇంట్లోనే కూర్చున్నారు. ఇక ఇంతేనేమో అనుకున్నారు.

ఆరోరోజు మామ్మే పార్కు దారిలో ఎదురై, మోకాలు చూపించమని సైగ చేసింది. ఒకసారి అడుగేసి తిరగమంది. తప్పు ఎక్కడుందో ఆమెకి ఇట్టే తెలిసిపోయింది. బరువున్న కాలి పాదం నేలకి అతుక్కుని ఉండగా, పైన ఒళ్ళు తిప్పేస్తున్నారు. మధ్యలో నలిగిపోతున్నది మోకాలు. మామ్మ మోకాలిని తట్టి ‘నో’ అంది. తొడా పొట్టా కలిసేచోట వేలుపెట్టి ‘గుడ్’ అంది. తిరగాల్సింది తుంటి దగ్గర. మోకాలు ఎప్పుడూ పాదం వేళ్ళు చూపించే దిక్కుకే వంగాలి, వేళ్ళని దాటి ముందుకు పోకూడదు. బరువు పూర్తిగా వెయ్యకముందే పాదాన్ని తిప్పుకోవాలి. ఇంకోమాట... ఎంత కిందికి వంగామన్నది గొప్ప కాదు. ఎత్తుగా నిలబడి చేసినా అదే తాయ్‌చీ.

మోకాలు సర్దుకుంది. పక్కవాళ్ళకేసి చూసి వంగడం ఆగిపోయింది.

పరిశోధన ఏమంటోంది?

ఇదంతా ఒక్కరి అనుభవమేనా అంటే కాదు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో 70 ఏళ్ళు దాటిన 670 మందితో చేసిన ఓ అధ్యయనం 2018లో వెలువడింది. వాళ్ళంతా అంతకుముందు పడ్డవాళ్ళో, నడక సరిగా లేనివాళ్ళో. ఒక బృందానికి వారానికి రెండుసార్లు గంటసేపు, 24 వారాలపాటు తాయ్‌చీ ఆధారంగా రూపొందించిన శిక్షణ ఇచ్చారు. ఒళ్ళు సాగదీసే తేలికపాటి వ్యాయామాలు చేసిన బృందంతో పోలిస్తే, తాయ్‌చీ చేసినవాళ్ళు కిందపడటం 58 శాతం తక్కువగా కనిపించింది. పార్కిన్సన్స్ ఉన్న 195 మందితో చేసిన మరో అధ్యయనం 2012లో వచ్చింది. అందులోనూ నిలకడ మెరుగైంది.

అలాగని అదేదో సర్వరోగ నివారిణి అనుకుంటే పొరపాటే. టీచరుగారు వేసుకునే బీపీ మాత్ర మానలేదు. కాల్షియమూ మానలేదు. అయిదు నెలల్లో తగ్గిన బరువు రెండు కిలోలు. ఎముకలు పలచబడినవాళ్ళు ఎముకల మందుని పక్కనపెట్టి తాయ్‌చీని నమ్ముకోకూడదు. అది చేసేది ఒక్కటే. పడకుండా నిలబడే శక్తిని పెంచుతుంది. ఆ వయసులో అంతకన్నా కావాల్సిందేముంది?

మళ్ళీ ఆ మెట్ల దగ్గరికి...

ఆగస్టు వచ్చేసింది. పచ్చటి కొండలు ఎండుగడ్డి రంగుకి తిరిగాయి. వంటింటి గట్టు దగ్గరి లెక్క ఇరవై దాటింది. చెరువు చుట్టూ ఒకసారి భర్త చెయ్యి పట్టుకోకుండానే తిరిగొచ్చారు. బాతులు పాడుచేసిన దారిలో ఎక్కడ అడుగెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో కాళ్ళే చూసుకుంటున్నాయి.

ఓ సాయంత్రం టీచరుగారు పైగదిలో బట్టలు మడతపెడుతున్నారు. నాలుగు నెలల మనవడు మంచమ్మీద ఆడుకుంటున్నాడు. కూతురు పైకొచ్చింది. ఒక్కక్షణం తల్లికేసి చూసింది. తర్వాత బాబుని ఎత్తి తల్లి ఎడమచేతిలో పెట్టి, ‘కిందికి తీసుకురా అమ్మా, పాలు కలుపుతాను’ అని తను ముందు దిగి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

టీచరుగారు ఎడమచేత్తో మనవణ్ని గుండెకి హత్తుకున్నారు. కుడిచెయ్యి రెయిలింగు మీద వేశారు. అతుక్కున్న ఆ మణికట్టే! పాదం ముందు పంపారు. మెట్టు తగిలింది. అప్పుడు బరువు. రెండోది. పాదం... తర్వాత బరువు. మూడోది. పిల్లాడు అమ్మమ్మ గొలుసు పట్టుకుని లాగుతున్నాడు. నాలుగోదో అయిదోదో దగ్గర లెక్క తప్పింది. ఆవిడ జన్మలో మెట్లు లెక్కపెట్టడం మర్చిపోయింది అదే మొదటిసారేమో!

కింద వంటింట్లో కూతురు సీసాలో పాలు ఒకటికి పదిసార్లు కలుపుతూ నిలబడి ఉంది. కళ్ళనీళ్ళు కనబడకుండా.

మీరూ మొదలెట్టాలంటే...

* కళ్ళు తిరగడం, గుండెజబ్బు, ఇటీవల అయిన ఎముక విరుగుడు, మోకాలి ఆపరేషన్ లాంటివి ఉంటే ముందు డాక్టరుని అడగాలి. ఎముకలు బాగా పలచబడినవాళ్ళు శిక్షకుడికి ఆ సంగతి చెప్పాలి.

* మొదట్లో గట్టి కుర్చీ వెనకో, వంటింటి గట్టు పక్కనో నిలబడి బరువు మార్చడం ఒక్కటే సాధన చెయ్యాలి. అయిదు నిమిషాలు చాలు. మెల్లగా ఇరవైకి పెంచుకోవచ్చు.

* అడుగు మందం తక్కువగా, అట్టడుగు చదునుగా ఉండి జారని బూట్లు మంచివి. తడినేల, నున్నటి గ్రానైట్ వద్దు.

* తొడల్లో అలసట మామూలే. కీళ్ళలో నొప్పి వస్తే మాత్రం ఆగిపోవాలి. సాధారణంగా కారణం మరీ కిందికి వంగడమో, మోకాలిని మెలితిప్పడమో అయి ఉంటుంది.

* ఊపిరి బిగబట్టకూడదు. మామూలుగా తీసుకుంటూ వదులుతూ ఉండాలి.

* వీడియోలు చూసి కదలికలు గుర్తుపెట్టుకోవచ్చుగానీ, తప్పు దిద్దడానికి ఎవరో ఒకరు ఉండాలి. వీలుంటే కొన్నాళ్ళయినా గురువు దగ్గర నేర్చుకోవడం మేలు.

* ఒంటికాలి సాధన ఎప్పుడూ పట్టుకోవడానికి ఆసరా ఉన్నచోటే!

డాబా మీద దోసెలు

తిరుగు ప్రయాణానికి ముందురోజు టీచరుగారు స్టీలు డబ్బా నిండా సున్నుండలు చేసి మామ్మకి పట్టుకెళ్ళారు. మామ్మ ఒకటి తిని, ఇంకోటి జేబులో వేసుకుని, సంచిలోంచి పల్చటి అట్టతో ఉన్న నల్లగుడ్డ బూట్ల జత తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఇద్దరూ చేతులు పట్టుకుని కాసేపు అలాగే ఉన్నారు. ‘మన్ మన్’ అంది మామ్మ. ‘మెల్లమెల్లగా’ అన్నారు టీచరుగారు. ఆరునెలల్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది మొత్తం కలిపి ఓ పేజీ ఉండదు.

ఇప్పుడు తెనాలిలో తెల్లవారుజామున ఆ నల్లబూట్లు డాబా ఎక్కుతున్నాయి. మొదట్లో పక్కింటి కోడలు బట్టలారేస్తూ చూసి, ‘ఏంటి పిన్నిగారూ, గాల్లో దోసెలు పోస్తున్నారా?’ అని నవ్వింది. ఇప్పుడు ఆ అమ్మాయి అత్తగారు, ఎదురింటి రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారి భార్య కూడా వచ్చి దోసెలు పోస్తున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళని టీచరుగారు మధ్యలో నిలబెడుతున్నారు. బాత్‌రూమ్ గోడకి స్టీలు పట్టా, నేలమీద జారని మ్యాటూ వచ్చాయి. తాయ్‌చీ వచ్చు కదాని సబ్బు నురగతో పందెం వెయ్యకూడదుగా! వాకిట్లో ముగ్గు మళ్ళీ ఆవిడదే.

ఈమధ్యే మనవడికి ఏడాది నిండింది. వీడియో కాల్‌లో కూతురు వాణ్ని హాల్లో నిలబెట్టి చూపిస్తోంది. ఒక్క అడుగు వేశాడు. రెండో అడుగుకి చతికిలపడ్డాడు. ‘అయ్యో’ అంటూ కూతురు ఎత్తుకోబోయింది.

‘ఉండవే, ఎత్తుకోకు’ అన్నారు టీచరుగారు. ‘వాడే లేస్తాడు చూడు.’

లేచాడు.